మాటల మర్మం: స్పోకు, ఆకు, అడ్డుపుల్ల

కర్మాగారంలో మనము నిత్యం వాడే మాటలలో కొన్ని యంత్రాలతోపాటు దిగుమతి అయినవి. మరికొన్ని బండి చక్రం వలె మనకు పూర్వమే పరిచయమైనవి, పేరు మాత్రం మార్చుకొని వచ్చినవి. ఈ పర్యాయం రెండవ తరగతికి చెందిన ఒక చిన్న ఆంగ్లపదాన్ని విచారణకు తీసుకొంటున్నాము. అది ‘స్పోకు’. సైకిలు ఎక్కిన ప్రతివారికీ ఈ మాట తెలుసు. అయినను దానికి ఎన్ని అర్థాలున్నవో, ఆ అర్థాలలో ఒకటి మన క్షేమానికి ఎంత దగ్గరిదో ఆలోచించినవారు అరుదు.

ముందుగా మన ఇంటి మాట సంగతి చూతము. చక్రపు నడిమి దిమ్మ నుండి అంచు వరకు సాగే కొయ్యను తెలుగు రైతు ‘ఆకు’ అన్నాడు. చెట్టుకు ఉండేదీ ఆకే, బండి చక్రానికి ఉండేదీ ఆకే. సాధారణంగా ఎడ్లబండి చక్రానికి పన్నెండో, పద్నాలుగో ఆకులు ఉండేవి. సంస్కృతంలో దీనిని ‘అరము’ అంటారు. నడిమి దిమ్మ నాభి, అంచు నేమి. ఋగ్వేదం మొదటి మండలంలోని 164వ సూక్తం సంవత్సరాన్ని పన్నెండు అరములు గల చక్రంగా భావించినది. రథనాభిలో అరములన్నీ కూడుకొన్నట్లు సమస్తమూ ఒక్కచోట నిలిచి ఉన్నదనే ఉపమానాన్ని ముండక, ప్రశ్న ఉపనిషత్తులు రెండూ వాడుకొన్నవి. ఋషికైనా, రైతుకైనా చక్రాన్ని చూడగానే మొదట కంటబడినది ఆకులే అనుకొనవలెను.

మన భిలాయిలో సైకిలు బాగుచేసే దుకాణానికి వెళితే వేరొక మాట వినబడుతుంది. అక్కడి మిస్త్రీ దానిని హిందీలో ‘తీలీ’ అంటాడు. అగ్గిపెట్టెలో ఉండేదీ తీలీయే. తెలుగునాట సైకిలు షాపువారు దానిని ‘పుల్ల’ అంటారు. అగ్గిపెట్టెలో ఉండేదీ పుల్లే గదా! రెండు భాషలవారు, ఒకరినొకరు సంప్రదించకుండానే, లావైన కొయ్యకు ఒక పేరు, సన్నని తీగకు వేరొక పేరు పెట్టుకొన్నారు. ఈ పేరుమార్పు వెనుక ఇంజనీరింగు పరంగా పెద్ద భేదమే ఉన్నది. దానిని కొంచెము సేపటిలో వివరిస్తాము.

స్పోకు అనేది ఆంగ్లంలో మిక్కిలి పాత మాట. దాని తోబుట్టువులు డచ్చి భాషలో ‘స్పాక్’ అనియు, జర్మనులో ‘ష్పైఖె’ అనియు నేటికీ కలవు. దాని లాటిను సమానార్థకం మరింత ప్రసిద్ధమైనది. లాటినులో చక్రపు ఆకును ‘రేడియస్’ అన్నారు. సూర్యుని నుండి నలువైపులా చిమ్మే కిరణాలు కూడ ఆకులవలె కనిపించినందున కిరణానికీ అదే పేరు కలిగినది. వృత్తకేంద్రం నుండి పరిధికి గీసే గీత రేడియస్ అయినది. దానినే మన పిల్లలు తెలుగు పాఠాలలో వ్యాసార్ధమని చదువుతారు. కిరణాలు వెదజల్లే పదార్థాన్ని 1898లో క్యూరీ దంపతులు కనుగొన్నప్పుడు దానికి రేడియం అని పేరు పెట్టినారు. రేడియో, రేడియేటరు, రేడియల్ టైరు, వెల్డింగు అతుకులను పరీక్షించే రేడియోగ్రఫీ, ఇవన్నీ ఒక బండి చక్రపు ఆకుకు మనుమలే. ఇంటిలో రేడియో పెట్టి వార్తలు విన్నవారికి తాము చక్రపు ఆకును తలచుకొంటున్నామని తోచి ఉండదు.

ఆకుల చక్రం ఎంత పాతది? తొలినాటి చక్రాలకు ఆకులు లేవు. అవి పలకలు కూర్చి గుండ్రంగా కోసిన బరువైన దిమ్మలు. ఆకులు గల చక్రాల అతి ప్రాచీన నిదర్శనాలలో కొన్ని దక్షిణ ఉరల్ ప్రాంతంలో, సింతాష్తా అనేచోట, సుమారు 4,000 సంవత్సరాల నాటి సమాధులలో దొరికినవి. కొయ్య ఎప్పుడో చివికిపోయినది. కాని మృతునితోపాటు పూడ్చిన రథాల చక్రాలు దిగిన గుంటలలో ఆకుల ముద్రలు మట్టిపై నిలిచి ఉన్నవి. ఈ చోటు నేటి రష్యాలోని చెల్యాబిన్స్క్ ప్రాంతంలో ఉన్నది. సోవియట్ కాలపు మహా ఉక్కునగరం మాగ్నితోగోర్స్క్ కూడ ఆ ప్రాంతంలోనిదే. సోవియట్ దేశంతో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం వలన పుట్టి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారి చేతులమీదుగా ప్రారంభించుకొన్న మన ఊరివారికి ఈ సంగతి కొంత ఆత్మీయంగా తోచకపోదు.

మన దేశానికి సంబంధించినంతవరకు అన్నింటికంటె ప్రసిద్ధమైన ఆకులు జాతీయ పతాకంలో ఉన్నవి. 1921లో బెజవాడలో గాంధీజీకి పతాక నమూనా సమర్పించిన పింగళి వెంకయ్య గారు తెలుగువారని మనము గర్వంగా చెప్పుకొంటాము. తరువాతి జెండాలో రాట్నం ఉండేది. 1947 జూలై 22న రాజ్యాంగసభ ఆమోదించిన పతాకంలో రాట్నానికి బదులు సారనాథ్ స్తంభశిరస్సుపై ఉన్న ధర్మచక్రం వచ్చినది. దానికి ఆకులు 24. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అనే భేదం లేదు, వాటి నడుమ ఎడమూ సమానమే. పిల్లలు జెండా బొమ్మ వేయునప్పుడు ఈ లెక్క తప్పకుండ చూడవలెనని తల్లిదండ్రులకు మనవి.

ఇప్పుడు పైన వాయిదా వేసిన ఇంజనీరింగు భేదానికి వత్తాము. ఎడ్లబండి చక్రంలో ఆకు స్తంభం వంటిది. ఇరుసుపై పడిన బరువు, ఆ క్షణంలో నేలవైపున్న ఆకులను నొక్కుతూ అంచుకు, అంచునుండి నేలకు చేరుతుంది. ఆకుకు తగిన లావు లేకపోతే వంగి విరుగుతుంది. ఆకులు వదులు కాకుండ పట్టి ఉంచేది కమ్మరి తొడిగే ఇనుప పట్టా. పట్టాను చక్రపు చుట్టుకొలత కంటె కొంచెము తక్కువగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. 1.5 మీటర్ల వ్యాసం గల చక్రానికి చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు. 400 డిగ్రీలు వేడెక్కితే ఆ పట్టా దాదాపు 22 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారగానే ముడుచుకొని అంచు చెక్కలను, ఆకులను నాభివైపు బిగించి వేస్తుంది. ఏ కళాశాలలోను చదువని కమ్మరికి ఉష్ణవ్యాకోచపు లెక్క చేతివ్రేళ్ళలో ఉండేది.

సైకిలు పుల్ల సంగతి దీనికి పూర్తిగా తలక్రిందులు. రెండు మిల్లీమీటర్ల తీగను నిలబెట్టి దానిపై మనిషిని కూర్చుండబెడితే అది పురికొస వలె వంగిపోతుంది. తీగ నొక్కుడును మోయలేదు, లాగుడును మాత్రం మోయగలదు. అందువలన ప్రతి పుల్లను మొదటినుండి గట్టిగా లాగి బిగించి ఉంచుతారు. తీగలు బిగించిన చక్రపు ఊహ 1808లో జార్జి కేలీ అనే ఆంగ్లేయునికి విమాన నిర్మాణపు ఆలోచనలలో తట్టినది. పుల్లలను నాభి నుండి తిన్నగా కాక, ఏటవాలుగా, ఒకదానినొకటి దాటునట్లు అమర్చే పద్ధతికి 1874లో జేమ్స్ స్టార్లీ పేటెంటు పొందినాడు. నేటికీ మన సైకిళ్ళన్నీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నవి. నల్లటి పాతకాలపు పెద్ద సైకిలుకు సాధారణంగా ముందు చక్రంలో 32, వెనుక చక్రంలో 40 పుల్లలు ఉంటవి. బరువంతా ఎక్కువగా వెనుక పడుతుంది గనుక ఈ తేడా.

మన కర్మాగారపు ఉత్పత్తులలో వైర్ రాడ్ ఒకటి. 5.5 మిల్లీమీటర్ల రాడ్‌ను వరుసగా సన్నని డైల గుండా లాగి 2 మిల్లీమీటర్ల తీగగా మార్చితే, ఒక మీటరు రాడ్ ఏడున్నర మీటర్ల తీగ అవుతుంది. ఒక పుల్ల పొడవు సుమారు ఒక అడుగు. అనగా ఒక్క మీటరు రాడ్ నుండి సుమారు 24 పుల్లలు, ఒక ధర్మచక్రానికి సరిపడా! పుల్లలకు కావలసిన ఉక్కు రకం వేరుగా ఉండవచ్చును గాని, పద్ధతి ఇదే. తీగ అంతటి బిగిని ఓర్చుకొనడం కూడ ఆ లాగుడు వలన వచ్చిన గుణమే. చల్లగా లాగినకొద్దీ ఉక్కు గట్టిపడుతుంది.

సీటుపై మనిషి కూర్చుండగానే చక్రంలో జరిగేది విచిత్రమైనది. నేలను తాకేచోట ఉన్న నాలుగైదు పుల్లలలో బిగి కొంత తగ్గుతుంది. మిగిలిన పుల్లలలో పెద్ద మార్పు ఉండదు. ఆ తగ్గిన బిగియే బరువు మోసిన గుర్తు. చక్రం తిరిగినకొద్దీ ఒక్కొక్క పుల్ల క్రిందికి వచ్చి, తన వంతు మోసి, మరల పైకి పోతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు సాగుతుంది. క్వార్టరు నుండి గేటుకు ఐదు కిలోమీటర్లు ఉన్నదనుకొంటే, డ్యూటీకి చేరుసరికి ప్రతి పుల్ల సుమారు 2,200 మార్లు వంతు మోసినట్లు లెక్క. ఇందులో శాశ్వతంగా పైనుండేది లేదు, శాశ్వతంగా క్రింద నలిగేదీ లేదు.

సైకిలు మిస్త్రీలందరికీ తెలిసిన ఇంకొక సంగతి కలదు. గట్టిగా బిగించిన పుల్ల కంటె వదులైన పుల్లే ముందు విరుగుతుంది. సామాన్యులు దీనికి విరుద్ధంగా అనుకొంటారు. వదులైన పుల్ల ప్రతి చుట్టులోను పూర్తిగా సడలి, మరల ఒక్కసారిగా బిగిసి, నాభి దగ్గరి వంపులో కొంచెము కొంచెముగా అలసిపోతుంది. దీనినే మనము ఫటీగ్ అంటాము. అది విరిగిన తరువాత ప్రక్కనున్న పుల్లలపై అదనపు భారం పడుతుంది, రిమ్ము వంకర తిరుగుతుంది. అందుచేత బెండు తీసే మిస్త్రీ విరిగిన పుల్లను మార్చి ఊరుకొనడు. అన్ని పుల్లలను వ్రేలితో మీటి, శబ్దం విని, సమంగా బిగిస్తాడు.

ఈ సందర్భంలో పరిపాలనా భాషలో ఇటీవల విరివిగా వినబడుతున్న ‘హబ్ అండ్ స్పోక్’ అనే మాటను గూర్చి ఒక విన్నపం. 1973లో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ సంస్థ పార్సెళ్ళన్నింటినీ రాత్రికి రాత్రి మెంఫిస్ నగరానికి చేర్చి, అక్కడినుండి మరల పంచే పద్ధతిని చేపట్టినది. అటుపిమ్మట విమానయాన సంస్థలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఈ మాటను వాడుకలోనికి తెచ్చినవి. ఇప్పుడు అందరూ హబ్బు కావలెనని కోరుకొనేవారే. స్పోకు అనగానే చిన్న శాఖ, చిన్న ఉద్యోగి అనే భావం వచ్చినది. మేము ఇంజనీరుగా దీనికి ఒప్పుకొనలేము. పుల్లలు తీసివేసిన హబ్బు నేలపై దొర్లే ఇనుపముక్క. దల్లీరాజ్‌హరా నుండి ఖనిజం, నందిని నుండి సున్నపురాయి రాకపోతే బ్లాస్టు ఫర్నేసు ఎంత గొప్పదైనను ఏమి చేయగలదు?

ఇంతవరకు చెప్పినది చక్రాన్ని నడిపించే స్పోకు. ఇక చక్రాన్ని ఆపే స్పోకును గూర్చి చెప్పవలసి ఉన్నది. ఆంగ్లంలో ఒకరి చక్రంలో స్పోకు పెట్టడం అనే నుడికారం కలదు. సాగుతున్న పనికి అడ్డు తగులుట అని దాని అర్థం. చక్రంలో ఎటూ స్పోకులు ఉండగా, ఇంకొకటి పెట్టితే అడ్డమెట్లా అవుతుందని విద్యార్థులు అడుగుట సహజం. ఇక్కడ స్పోకు అనగా కర్ర, గడ. డచ్చివారు కూడ చక్రంలో స్పాక్ పెట్టడమనే అంటారు. ఫ్రెంచివారు చక్రాలలో కర్రలు పెట్టడమంటారు. భిలాయికి వచ్చిన రష్యన్ నిపుణుల భాషలోనూ అదే నుడికారం ఉన్నది, వారూ చక్రాలలో కర్రలే పెడతారు. మరి తెలుగువారు? మనము ‘అడ్డుపుల్ల వేయడం’ అంటాము! సైకిలు పుల్ల, అడ్డుపుల్ల రెండూ పుల్లలే. ఐదు భాషల ప్రజలు ఒకే పుల్లను పట్టుకొన్నారు.

అయితే ఈ నుడికారానికి చెప్పే వివరణలలో ఒకటి మమ్ములను చాలకాలంగా ఆలోచింపజేస్తున్నది. ఆకులు లేని పాతకాలపు దిమ్మ చక్రాలకు రంధ్రాలు ఉండేవట. బండి పల్లానికి దిగునప్పుడు బండివాడు ఆ రంధ్రంలో ఒక గడను దూర్చి చక్రం తిరుగకుండ ఆపేవాడట. అనగా ఆ గడ శత్రువు పెట్టినది కాదు, బండివాడే పెట్టుకొన్నది. అది అడ్డు కాదు, బ్రేకు. మన దేశపు పెద్ద రథోత్సవాలు చూచినవారికి ఇది కొత్తగా తోచదు. వేలమంది మోకు పట్టి లాగే రథానికి ముందు కొందరు కొయ్యదిమ్మలు చేతబట్టి నడుస్తారు. తగిన క్షణంలో దిమ్మను చక్రం క్రింద వేసి వేగం తగ్గిస్తారు, దారి మళ్ళిస్తారు. లాగేవారి ఉత్సాహం అంతా వెనుక నుండి చూచువారికి కనబడుతుంది. దిమ్మ వేసేవాడు ఎవరికీ కనబడడు. అతడు ఒక్క క్షణం ఏమరితే మోకు పట్టుకొన్న భక్తుల గతి ఏమిటి?

మన వంటి కర్మాగారంలో ఈ దిమ్మ వేసేవారి పాత్ర ఎంత గొప్పదో వివరింపనక్కరలేదు. కన్వేయరు బెల్టు వెంట పొడవునా ఒక తాడు కట్టి ఉంటుంది. ఏదేని ప్రమాదం కనబడిన ఎవరైనను, హోదాతో నిమిత్తం లేకుండ, ఆ తాడు లాగి బెల్టును ఆపవచ్చును. దానిని పుల్ కార్డ్ అంటాము. గ్యాసు పరీక్ష కాకుండ పైపులైనుపై పని మొదలు పెట్టరాదనే నిబంధన, విద్యుత్తు ఆపి తాళం వేయకుండ యంత్రంలో చేయి పెట్టరాదనే నిబంధన, పని ప్రారంభానికి వ్రాతపూర్వక అనుమతి, ఇవన్నీ మన పూర్వులైన ఇంజనీర్లు బుద్ధిపూర్వకంగా చక్రంలో పెట్టిన స్పోకులే. జపానులోని టొయోటా కర్మాగారాలలో లోపం కనబడిన కార్మికుడు తాడు లాగి ఉత్పత్తి వరుసను ఆపగల ఏర్పాటు లోకప్రసిద్ధమైనది. నాణ్యమైన కారు అక్కడ ఆపడం నేర్చిన చేతులనుండి వచ్చినది.

అయినను, తాడు ఉండడం వేరు, లాగడం వేరు. షిఫ్టు లక్ష్యం పూర్తి కావలసిన సమయంలో, పై అధికారి ఫోను మ్రోగుతున్న సమయంలో, ‘ఇది క్షేమంగా లేదు, ఆపండి’ అని చెప్పిన మనిషికి తరచుగా దక్కేది మెప్పు కాదు. ‘ఇతడొకడు, ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తాడు’ అనే మాట. శాశ్వత ఉద్యోగికే అది కష్టమైనప్పుడు, రేపటి పనికి హామీ లేని కాంట్రాక్టు కార్మికునికి ఇంకెంత కష్టమో ఊహింపవచ్చును. ఒకసారి ఆ మాట పడినవాడు రెండవసారి చూచి కూడ చూడనట్లు ఊరుకొంటాడు. ఆనాటినుండి ఆ విభాగంలో తాడు ఉన్నను లేనట్లే. ఒక్క మాట ఎంత నష్టం చేయగలదో చెప్పుటకు ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

‘మరి నిజంగానే అడ్డుపుల్లలు వేసేవారు లేరా?’ అని కొందరు ప్రశ్నింపవచ్చును. లేకేమి! కారణం చెప్పకుండ ఫైలును బల్లక్రింద దాచేవారు, ఇతరుల పని సాగితే ఓర్వలేనివారు ప్రతి కార్యాలయంలోను ఉంటారు. బ్రేకును, అడ్డును వేరు చేయుటకు ఒక గుర్తు కావలెను. ఆ గుర్తు కూడ ఈ మాటలోనే దొరుకుట విశేషం. ఆంగ్లంలో ఇంకొక ‘స్పోక్’ ఉన్నదని పాఠశాల పిల్లలకు తెలుసు. స్పీక్ అను క్రియకు భూతకాలం స్పోక్, అనగా మాట్లాడినాడు, చెప్పినాడు. సంస్థ తరఫున మాట్లాడేవారిని స్పోక్స్‌మన్ అంటారు. చక్రపు స్పోకుకు, ఈ స్పోక్‌కు చుట్టరికం లేదు. వేర్వేరు పుట్టుకలు గల రెండు మాటలు కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చినవి. ‘స్పోక్స్‌మన్’ అనగా చక్రపు ఆకువంటి మనిషి అని కొందరు చెప్పే వ్యుత్పత్తి పొరపాటు.

చుట్టరికం లేకపోయినను ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెనని మా అభిప్రాయం. బండివాడు గడ పెట్టునప్పుడు అరచి చెప్పి పెడతాడు, చక్రం దగ్గరనే నిలబడతాడు, పల్లం దాటగానే తానే గడ తీసివేస్తాడు. ఓర్వలేనివాడు చెప్పకుండ పెడతాడు, పెట్టి తప్పుకొంటాడు, తీయమంటే తనకు తెలియదంటాడు. పుల్ల రెండుచోట్లా ఒకటే. చెప్పి పెట్టినది బ్రేకు, చెప్పక పెట్టినది అడ్డు. కావున మన సహోద్యోగి ఎవరైనను పని ఆపమన్నప్పుడు మనము అడుగవలసిన ప్రశ్న ‘ఎవడు ఆపినాడు?’ అనేది కాదు, ‘ఏమి చెప్పినాడు?’ అనేది. కారణం చెప్పినవానిని వినవలెను. అతడు చెప్పినది సరికాదని తేలినను, చెప్పినందుకు అతనికి కృతజ్ఞత చూపవలెను. పది మార్లు అనవసరంగా ఆగిన బెల్టుకు అయ్యే నష్టం లెక్క కట్టవచ్చును. ఒక్కమారు ఆగవలసినప్పుడు ఆగని బెల్టు తెచ్చే నష్టానికి లెక్క కట్టే పద్ధతి ఏ అకౌంట్సు విభాగంలోను లేదు.

మొదట చెప్పిన వదులు పుల్ల సంగతి ఇక్కడ మరల పనికివస్తుంది. తన మాటకు విలువ లేదని అనుకొన్న ఉద్యోగి వదులైన పుల్ల వంటివాడు. చక్రంలోనే ఉంటాడు, తిరుగుతూనే ఉంటాడు, కాని బరువు మోయడు. అతడు విరిగిననాడు ప్రక్కవారికి తెలుస్తుంది. మంచి మిస్త్రీ వలె, మంచి అధికారి అప్పుడప్పుడు ఒక్కొక్కరినీ పలకరించి, శబ్దం ఎట్లా ఉన్నదో వినవలెను. ఒక పుల్లను మాత్రమే అతిగా బిగించినను రిమ్ము వంకర పోతుందని కూడ మరువరాదు. అన్ని పనులూ ఒక్క సమర్థునిపైనే వేసేవారికి ఇది సూచన.

ఈ పత్రికను ఉద్యోగులకంటె ముందు ఇంటివారు చదువుతారని మాకు తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుండి తాతల నాడు ఇక్కడికి వచ్చి, మూడవ తరంలో ఉన్న కుటుంబాలు మనలో అనేకం. పిల్లలకు స్పోకు, తీలీ రెండూ వచ్చును, ‘ఆకు’ మాత్రం తెలియదు. సెలవులలో ఊరికి వెళ్ళినప్పుడు ఎక్కడైనా గోడవారగా పాత బండి చక్రం కనబడితే ఆకులు లెక్కించమని, సైకిలు పుల్లలతో పోల్చి చూడమని వారికి చెప్పండి. నొక్కుడుకు, లాగుడుకు భేదం పాఠ్యపుస్తకం కంటె అక్కడే చక్కగా బోధపడుతుంది.

పెద్దలకు ఇంకొక మనవి. డ్యూటీ నుండి వచ్చిన మనిషి ‘ఈ రోజు పని ఆపించి మాట పడ్డాను’ అని దిగులుగా చెప్పిన రోజున, ‘మీకెందుకు, ఊరుకొనలేకపోయినారా?’ అనకండి. ‘ఏమి చూచినారు, ఏమని చెప్పినారు?’ అని అడిగి పూర్తిగా వినండి. బయట అడ్డుపుల్ల అనిపించుకొన్న ఆ మాటకు ఇంటిలోనైనా సరియైన పేరు దక్కవలెను. ఆ రోజున ఎవరో ఒకరి ఇంటికి మనిషి సైకిలు త్రొక్కుకొంటూ క్షేమంగా చేరి ఉంటాడు. ఆ ఇంటివారికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

వచ్చే సంచికలో ‘ఫ్లాంజి’ అనే మాటను గూర్చి ముచ్చటించుకొందాము. రైలు చక్రం పట్టాలపై నిలుచుటలో దాని పాలు మనము అనుకొన్నంత ఉన్నదా, లేదా అనేది అందులో విచారిస్తాము. మీ ఊరిలో బండి చక్రపు భాగాలకు వాడే వేరు మాటలు ఏవైనా ఉంటే మాకు వ్రాసి పంపండి. అమ్మమ్మలను, తాతలను అడిగి వ్రాసిన పిల్లల ఉత్తరాలకు మొదటి స్థానం.